అత్తయ్య గదిలో ఏసీ ఏటా గ్యాస్ తాగేస్తోంది, కాయిల్ మార్పించాలా కొత్తది కొనాలా? (చెన్నై, వేళచ్చేరి)

వేళచ్చేరి_కోడలు:

నమస్తే అందరికీ, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మాది వేళచ్చేరిలో సొంత ఫ్లాట్, రెండో ఫ్లోర్. అత్తయ్య మావయ్య గదిలో ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, 2020 ఫిబ్రవరిలో కొన్నాం, త్రీ స్టార్, ఆర్ 32 గ్యాస్. హాల్లో కూడా అదే కంపెనీ అదే మోడల్, రెండూ ఒకే రోజు బిగించారు. హాల్లో దానికి ఇప్పటిదాకా సర్వీసు తప్ప వేరే ఖర్చు లేదు. గదిలోది మాత్రం 2023 నుంచి మా ప్రాణం తీస్తోంది.

వేసవి మొదలయ్యేసరికి చల్లదనం తగ్గుతుంది, ఎవరో ఒక టెక్నీషియన్ వస్తాడు, బయట యూనిట్‌కి మీటర్ తగిలిస్తాడు, "గేస్ పోయిడుచ్చు మేడం" అంటాడు, మూడు వేలు తీసుకుని నింపి వెళ్ళిపోతాడు. ఎందుకు పోయింది అని అడిగితే చెన్నైలో అంతే మేడం, ఉప్పు గాలి, ఏటా కొట్టించుకోవాలి అంటాడు. పోయినేడాది అయితే ఏప్రిల్లో ఒకసారి అక్టోబర్లో ఒకసారి. ఈ ఏడు మార్చి కూడా దాటకముందే మళ్ళీ గాలి తప్ప చల్లదనం లేకుండా పోయింది. ఈసారి వచ్చినతను లోపలి యూనిట్ కాయిల్ (గ్యాస్ తిరిగే రాగి గొట్టాల చుట్ట) పోయింది, పద్నాలుగు వేలు అవుతుంది, గ్యాస్ వేరే అన్నాడు. షాపుకెళ్తే ఆరేళ్ళయింది కదా పాతది ఇచ్చేసి కొత్తది తీసుకోండి, నాలుగు వేలు ఎక్స్ఛేంజ్ ఇస్తాం అంటున్నారు.

మావారేమో ఈ గోల నా వల్ల కాదు కొనేద్దాం అంటారు. అత్తయ్య ఒప్పుకోవడం లేదు. ఆవిడ లాజిక్ ఏంటంటే మన ఫ్రిజ్ పద్దెనిమిదేళ్ళ నుంచి ఆగకుండా నడుస్తోంది, దానికీ గ్యాసే కదా, ఒక్కసారైనా నింపించామా, మరి ఆర్నెల్లు ఆగి ఆర్నెల్లు నడిచే దీనికెందుకంత దాహం అని. దీనికి నా దగ్గర సమాధానం లేదు. అగ్ని నక్షత్రం (ఇక్కడ మే నెల మండుటెండల్ని అలా అంటారు) మొదలవడానికి ఇంక నెల కూడా లేదు, మావయ్యకి బీపీ, ఈలోపు ఏదో ఒకటి తేల్చాలి. ఏం చెయ్యమంటారు?

తాడిపత్రి_టు_బెంగళూరు:

అక్కా కూలర్ తీసుకోండి, ఏడెనిమిది వేలల్లో అయిపోతాది. మా ఊర్లో మా నాయన ఎండాకాలమంతా కూలర్ మీదే గడిపేస్తాడు. మాకీడ బెంగళూరులో అయితే ఫ్యాన్ కూడా మూడు మీద పెడితే చలేస్తాది.

ఓఎంఆర్_ఈఎంఐ:

బ్రదర్ నీకు ఫ్యాన్ చలేస్తుందా, మంచిది, దుప్పటి కప్పుకో. చెన్నైలో కూలర్ సలహా ఇచ్చేవాడిని మెరీనాలో కూర్చోబెట్టి రెండు గంటలు విసనకర్రతో విసరాలి అప్పుడు తెలుస్తుంది. తాడిపత్రిది పొడి ఎండ, నీళ్ళు ఆవిరై గాలి చల్లబడుద్ది. ఇక్కడ గాలే తడి గుడ్డలా ఉంటుంది, కూలర్ పెడితే ఇంకాస్త తడి కలిపి మొహాన కొడుతుంది అంతే. మా రూమ్మేట్ కొన్నాడు, ఇప్పుడు దాంట్లో బియ్యం బస్తా పెట్టుకున్నాం.

అసలు విషయానికొస్తే నా ఓటు కొత్తదానికే. ఆరేళ్ళ మిషన్ మీద పద్దెనిమిది వేలు పెట్టడం ఎందుకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. కొనేటప్పుడు స్టార్లు చూసి మోసపోకండి, 2026 జనవరి నుంచి లెక్క బిగించారు, నిరుటి ఫైవ్ స్టార్ ఈ ఏడు అదే మిషన్ ఫోర్ స్టార్ అవుతుంది, పాత స్టాకు పాత లేబుల్‌తో ఇంకా అమ్ముతున్నారు. లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఉంటుంది అది చూడండి. అది 1600 గంటలకి కట్టిన లెక్క, అంటే రోజుకి ఎనిమిది గంటలు 200 రోజులు. మన ఊళ్ళో పెద్దవాళ్ళున్న గదిలో అంతకన్నా ఎక్కువే నడుస్తుంది. కరెంట్ బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది కదా, 500 యూనిట్లు దాటిందంటే ఆపైన యూనిట్ రేటు మెట్లు ఎక్కుతూ పోతుంది, గ్యాస్ లేని ఏసీ రాత్రంతా ఫుల్లుగా కొట్టుకుంటూ ఉంటే ఆ మెట్లన్నీ మీరే ఎక్కుతారు.

నెల్లూరు_మెకానిక్:

అమ్మా, ముందు మీ అత్తమ్మకి ఒక దండం. ఇరవై రెండేళ్ళుగా ఈ పన్లో ఉండా, ఈ ప్రశ్న అడిగిన కస్టమర్లు చేతి వేళ్ళ మీద లెక్కబెట్టొచ్చు. ఏసీలో గ్యాస్ అనేది పెట్రోల్ కాదు, ఖర్చయ్యేది కాదు. అదే గ్యాస్ లోపలికీ బయటికీ తిరగతా ఉంటాది, మూసిన గొట్టంలో. తగ్గిందంటే ఎక్కడో చిల్లి ఉండాది, అంతే, రెండో కారణమే లేదు. ఫ్రిజ్జికి ఎందుకు పోదంటే దాని జాయింట్లన్నీ ఫ్యాక్టరీలోనే వెల్డింగ్ పెట్టి సీల్ చేసేస్తారు. స్ప్లిట్ ఏసీకి మాత్రం పైపులు మీ ఇంట్లో నిలబడి కలపాల, నాలుగు ఫ్లేర్ నట్లు ఉంటాయి, లోపల రెండు బయట రెండు. ఆ రాగి పైపు మూతి పూల కుండీ మాదిరి విప్పి నట్టు బిగిస్తాం, ఆ మూతి కొంచెం వంకర పోయినా నట్టు మరీ గట్టిగా తిప్పి చీల్చినా సన్నగా కారతా ఉంటాది.

మూడు వేలు తీసుకుని గ్యాస్ కొట్టి పోయినోళ్ళంతా పంచర్ చూడకుండా గాలి కొట్టి పంపినట్టు. నేను మా వాళ్ళని తిట్టకూడదు గానీ సీజన్‌లో రోజుకి పదిళ్ళు తిరగాల, లీకు వెతకాలంటే ఒక ఇంట్లోనే సగం రోజు పోతాది, అందుకని ఎవరూ వెతకరు. ఇంకో మాట, మీటరు ఒక్కటే చూసి గ్యాస్ పోయిందన్నా నమ్మబాకండి. ఫిల్టర్ దుమ్ము పట్టినా, కాయిల్ మీద మట్టి పేరుకున్నా, బయట ఫ్యాన్ నిదానంగా తిరిగినా చల్లదనం తగ్గతాది. ఇన్వర్టర్ కంప్రెసర్ స్పీడుని బట్టి మీటర్ ముల్లు ఊగతా ఉంటాది కూడా. పాత గ్యాస్ ఆర్ 22కి నడిచేటప్పుడు 60, 70 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) ఉంటే సరి, ఆర్ 32కి 120 దగ్గర ఉండాల, ఆ తేడా తెలీక పాత లెక్కలో కొట్టేవాళ్ళని కూడా చూసినా.

మీరు చేయించాల్సింది ఇది. మిగిలిన గ్యాస్ తీసేసి నైట్రోజన్ ఎక్కించమనండి, 400 పీఎస్‌ఐ దాకా. తర్వాత సబ్బు నురగ పూసి చూడాల, ముందు నాలుగు నట్లు, తర్వాత సర్వీస్ వాల్వు, ఆఖర్న లోపలి కాయిల్ పక్కన వంపులు. నురగలో ఆవగింజంత బుడగ లేచినా అదే మీ దొంగ. నైట్రోజనే వాడాల, గుర్తు పెట్టుకోండి. వెల్డింగ్ ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి ప్రెషర్ పెట్టే మహానుభావులు ఉండారు, కంప్రెసర్ ఆయిలూ ఆక్సిజనూ ప్రెషర్‌లో కలిస్తే బాంబే. అట్టాంటోడు వస్తే గేటు కాడి నుంచే పంపించేయండి. ఆర్ 32 కొంచెం మండే గుణం ఉన్న గ్యాస్ గూడా, లోపల గ్యాస్ పెట్టుకుని టార్చ్ వెలిగించకూడదు.

లీకు మూసినాక వాక్యూమ్ పంపు కనీసం అరగంట నడవాల, కంప్రెసర్‌తోనే గాలి తోసేస్తా అంటే ఒప్పుకోబాకండి. గ్యాస్ తూకం వేసి పట్టాల. బయట యూనిట్ ప్లేటు మీద ఇన్ని గ్రాములని రాసి ఉంటాది, ఆ ప్లేటు ఫోటో తీసి ముందే అతనికి చూపించండి, తరాజు లేకుండా వచ్చినోడు అప్పుడే సాకు చెప్తాడు.

కాయిల్ పోయిందని ఎట్టా చెప్పినాడు, బుడగ చూపించినాడా, ఊరికే నోటితో అన్నాడా?

వేళచ్చేరి_కోడలు:

అన్నా చాలా థ్యాంక్స్. బుడగా లేదు నురగా లేదు, ముందు మూత తీసి టార్చి కొట్టి చూసి "కాయిల్ పోచ్చు" అన్నాడు. నేనూ తొంగి చూశాను, హాల్లో దాని కాయిల్ పక్క వంపులు రాగి రంగులో ఉన్నాయి, దీనివి నల్లగా మసి పట్టినట్టున్నాయి. వేలితో రుద్దితే నల్లపొడి అంటింది. ఉప్పు గాలి అంటే ఇదేనా? మేం బీచ్‌కి చాలా దూరం.

అంబత్తూరు_నైట్‌షిఫ్ట్:

ఆ నల్లపొడి మాట విని ఆగిపోయానండి. నేను డేటా సెంటర్‌లో కూలింగ్ వైపు పనిచేస్తాను. ఉప్పు గాలి సాధారణంగా బయట యూనిట్‌ని ముందు తింటుంది, తిరువాన్మియూర్, నీలాంకరై వైపు చూడండి, అల్యూమినియం రెక్కలు తెల్లగా పొడై రాలిపోతుంటాయి. మీకు బయటది బాగానే ఉండి లోపలి రాగి నల్లబడిందంటే నాకు వేరే అనుమానం.

ఒక్కటి చెప్పండి, ఆ గదిలో బీరువాలో వెండి సామాన్లు ఏమైనా ఉన్నాయా, అవి మామూలు కన్నా త్వరగా నల్లబడుతున్నాయా?

జోక్ కాదండి, మా పనిలో ఇది నిజంగా చేస్తాం. సర్వర్ గదిలో ఒక చిన్న రాగి ముక్క, ఒక వెండి ముక్క వేలాడదీసి నెల రోజులు ఉంచి, వాటి మీద ఎంత పొర పేరుకుందో ల్యాబ్‌లో కొలిపిస్తాం, దాన్ని బట్టి ఆ గాలి మిషన్లకి మంచిదా కాదా చెప్తారు. గంధకం ఉన్న గాలి, అంటే డ్రైనేజీలో కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుందే ఆ హైడ్రోజన్ సల్ఫైడ్, వెండినీ రాగినీ రెంటినీ నల్లగా చేస్తుంది. ముక్కుకి తెలియనంత తక్కువ ఉన్నా ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. ఏసీ లోపలి కాయిల్‌కి ఇంకో శాపం, అది ఎప్పుడూ తడిగా ఉంటుంది, గాలిలో ఉన్నదంతా ఆ తడిలో కరిగి రాగి మీదే కూర్చుంటుంది. పైపు గోడ మిల్లీమీటర్‌లో మూడో వంతు కూడా ఉండదు. సూది మొనంత చిల్లి పడటానికి అదెంత.

కొత్త ప్లైవుడ్ కబోర్డులు, వాటి జిగురు నుంచి వచ్చే ఆవిర్లు కూడా రాగిని తింటాయి, లోపల చీమల పుట్టలా సన్న దారులు పడతాయి. గదిలో ఈ మధ్య చెక్క పని ఏమైనా చేయించారా?

ఇంకొకటి, ఇదే అసలైన ప్రశ్న: ఆ ఏసీ నీళ్ళ పైపు ఎక్కడికి పోతుంది?

ట్రిప్లికేన్_బాబాయ్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, ఒకటిన్నర టన్ను అనగానే ఒక ముచ్చట గుర్తొచ్చింది. మా ఇంటికి ఎప్పుడొచ్చినా మా అల్లుడు ఈ ఏసీ ఒకటిన్నర టన్ను బరువుంటుందా మావయ్యా అని ఆట పట్టిస్తాడు. టన్ను అంటే బరువు కాదు గానీ బరువే. ఒక టన్ను మంచుగడ్డ ఇరవై నాలుగు గంటల్లో కరిగితే ఎంత చల్లదనం వస్తుందో అది ఒక టన్ను, గంటకి 12,000 బీటీయూ అని రాస్తారు, కరెంటు లెక్కలో మూడున్నర కిలోవాట్లు. మా ఇంటికి నడిచిపోయేంత దూరంలో, బీచ్ రోడ్డు మీద ఐస్ హౌస్ ఉంది చూడండి, 1842లో అమెరికావాళ్ళు కట్టారు, అక్కడి చెరువుల్లో గడ్డకట్టిన మంచుని కోసి ఓడల్లో వేసుకుని మద్రాసు తెచ్చి అందులో దాచి అమ్మేవాళ్ళు. తరవాత 1897లో వివేకానందుడు అందులో దిగాడు కాబట్టి ఇప్పుడు వివేకానందర్ ఇల్లం. అంటే మీ అత్తగారి గదిలో రోజుకి ఒకటిన్నర టన్నుల మంచు కరగాలన్నమాట.

సరే పనికొచ్చే ముక్క కూడా ఒకటి. ఏసీ నీళ్ళు చుక్కచుక్కా పట్టి ఇన్వర్టర్ బ్యాటరీలో పోయకండి. మా పక్కింటాయన డిస్టిల్డ్ వాటర్ లాంటిదే కదా అని పోసేవాడు. అది దుమ్మూ లోహం కలిసిన నీళ్ళు. మొక్కలకి, నేల తుడవడానికి ఓకే.

వేళచ్చేరి_కోడలు:

నాకు ఒళ్ళు జలదరించింది. అత్తయ్యని అడిగాను వెండి గురించి. ఆవిడ ఒక్క క్షణం ఆగి, లేచి వెళ్ళి బీరువా తీసి మా పాప బారసాల నాటి వెండి గిన్నె, పట్టీలు తెచ్చి మంచం మీద పెట్టారు. గిన్నె అడుగు మాడిన పాల గిన్నెలా ఉంది. ఆవిడ ఇన్నాళ్ళూ కంసాలి కల్తీ వెండి అంటగట్టాడని అతన్ని తిట్టుకుంటున్నారట, మళ్ళీ అదే కంసాలి దగ్గర కొన్న నా పట్టీలు మా గదిలో తెల్లగా ఉన్నాయి!

నీళ్ళ పైపు సంగతి. 2022 డిసెంబర్లో ఆ గదికి అటాచ్డ్ బాత్రూమ్ రీమోడల్ చేయించాం, టైల్స్ అవీ. అంతకుముందు ఏసీ నీళ్ళ పైపు కిటికీ పక్కగా కిందకి వేలాడేది, కింద ఫ్లోర్ వాళ్ళు బట్టల మీద పడుతున్నాయని గొడవ పెట్టారు. అప్పుడు మేస్త్రీ గోడలో గాడి కొట్టి ఆ పైపుని బాత్రూమ్ డ్రెయిన్ లైన్‌లో కలిపేశాడు, నీట్‌గా కనిపించదు మేడం అన్నాడు, మేమూ సంతోషించాం. హాల్లో ఏసీ నీళ్ళు మాత్రం బాల్కనీలో బకెట్‌లోకి వస్తాయి.

2022 డిసెంబర్లో కలిపాడు, 2023లో మొదటి గ్యాస్. ఇది రాస్తుంటేనే నాకు అర్థమవుతోంది.

అంబత్తూరు_నైట్‌షిఫ్ట్:

దొరికింది. మీ ఇంటి డ్రైనేజీ గాలికి మీరే పైపు వేసి నేరుగా కాయిల్ ఒళ్ళోకి దారి ఇచ్చారు. బాత్రూమ్ నేల జాలీ కింద ఎప్పుడూ కాస్త నీళ్ళు నిలబడేలా వంపు ఉంటుంది కదా, ఆ నీళ్ళే మూతలా పనిచేసి వాసనని ఆపుతాయి. మీ ఏసీ పైపుకి ఆ మూత లేదు. ఏసీ ఫ్యాన్ తిరిగినప్పుడు లోపల కొంచెం పీలుస్తుంది కూడా, ఆ పీల్చుడుకి డ్రైనేజీ గాలి పైకి వస్తుంది. అదే గాలి గదంతా తిరిగి బీరువాలో వెండి దాకా వెళ్ళింది.

కొంతమంది ఆ పైపుకి యూ వంపు పెట్టించి వదిలేస్తారు. నాకు నచ్చదు, ఎందుకంటే మార్గళి నెలలో (మన ధనుర్మాసం) ఏసీ ఆపేస్తారు, వంపులో నీళ్ళు ఎండిపోతాయి, మళ్ళీ మొదటికొస్తుంది. పైపుని డ్రైనేజీ నుంచి పూర్తిగా విడదీసి బయటికి వదిలేయండి, కింది వాళ్ళ బట్టల మీద పడకుండా నేల దాకా దించండి, లేదా బకెట్.

ఓఎంఆర్ తమ్ముడికి చిన్న మాట, వీళ్ళు నువ్వన్నట్టు కొత్త ఏసీ కొనేసి ఉంటే అది కూడా అదే పైపుకి తగిలించేవాళ్ళు, మూడేళ్ళకి అదీ నల్లబడేది. షాపువాడు బ్లూ ఫిన్, యాంటీ కరోజన్ అని చూపించేవాడు కూడా. ఆ నీలం పూత చాలా మిషన్లలో అల్యూమినియం రెక్కల మీదే ఉంటుంది, పక్కన వంపులు తిరిగే రాగికి ఉండదు.

ఓఎంఆర్_ఈఎంఐ:

ఒప్పుకుంటున్నా అక్కా, ఓటు వెనక్కి తీసుకున్నా. ఇప్పుడే వెళ్ళి మా ఏసీ పైపు ఎటు పోతుందో చూసొచ్చా. చెప్పను.

వేళచ్చేరి_కోడలు:

పైపు రేపే కోయిస్తాను. మరి ఈ ఏసీని ఏం చెయ్యను? కాయిల్ మార్పించడానికి డబ్బు పెట్టొచ్చా? బిల్లులో పదేళ్ళ వారంటీ అని ఉంది, అది దీనికి రాదా?

నెల్లూరు_మెకానిక్:

పదేళ్ళది కంప్రెసర్‌కి అమ్మా, చానా కంపెనీలు అంతే, కాయిల్‌కీ గ్యాస్‌కీ కాదు, కార్డు తీసి చిన్న అక్షరాలు చదవండి. ఆ అంబత్తూరు మేడమ్ చెప్పింది వంద శాతం, నేను బుడగ దాకా ఆలోచించినా గానీ పైపు దాకా పోలేదు, నేర్చుకున్నా.

కాయిల్‌కి నా లెక్క ఇది. మీ కంప్రెసర్‌కి వారంటీ ఇంకా నాలుగేళ్ళు ఉండాది, బోర్డు బాగుండాది, బయట యూనిట్ నల్లబడలేదు. అట్టాంటప్పుడు లోపలి కాయిల్ మార్చేది తప్పు కాదు. అదే ఆర్ 22 పాత మిషనో, కంప్రెసర్ సౌండు చేస్తుంటేనో, బోర్డు రెండుసార్లు రిపేరై ఉంటేనో తీసేయమనేవాణ్ణి. మాంట్రియల్ ఒప్పందం కింద 2030కి ఆర్ 22 మన దేశంలో ఆపేసే లెక్కలో ఉండాది, దాని మీద పెద్ద ఖర్చు పెట్టకూడదు. మీది అది కాదు.

కాయిల్ వంపులో ఒక్క చిల్లే అయితే వెల్డింగ్ పెట్టి నడిపేయొచ్చు, రెక్కల లోపల ఉంటే పెట్టలేం. నల్లబడిన రాగి మాత్రం ఈరోజు ఒక చోట మూస్తే ఇంకో చోట పగలతాది, అందుకని వెల్డింగ్ అంటే ఒప్పుకోబాకండి. పద్నాలుగు వేలు ఎక్కువ చెప్పినాడు, పార్ట్ నంబర్ తీసుకుని రెండు చోట్ల అడగండి. ముందు మాత్రం నైట్రోజన్ పెట్టి కాయిలే అని తేల్చుకోండి. నట్టు కూడా కారతా ఉందేమో, కొత్త కాయిల్ వేసినాక మళ్ళీ పోతే తల గోడకి కొట్టుకోవాల.

వేళచ్చేరి_కోడలు:

తొమ్మిది రోజుల తర్వాత అప్‌డేట్ ఇస్తున్నాను, సారీ, ఇల్లంతా గోడ పొడి.

ముందు ప్లంబర్ వచ్చి గాడి తవ్వి ఏసీ పైపుని కోశాడు. కోసిన చోట మూతి దగ్గర నుంచి వచ్చిన వాసనకి మావయ్య ముక్కు మూసుకుని హాల్లోకి వెళ్ళిపోయారు. అంటే మూడేళ్ళు ఆయన దాన్నే పీల్చారు. కింది ఫ్లోర్ వాళ్ళతో మాట్లాడి పైపుని వాళ్ళ కిటికీ దాటించి మొక్కల తొట్టి దాకా దింపాం, ఆవిడ మా మల్లెకి నీళ్ళు వస్తాయి కదా అని ఒప్పుకుంది.

తర్వాత మెకానిక్ అన్న రాసినదంతా మావారు తమిళంలో చెప్తే నలుగురు టెక్నీషియన్లలో ముగ్గురు ఫోన్ పెట్టేశారు, ఒకతను మాత్రం నైట్రోజన్ సిలిండర్, తరాజు రెండూ తెస్తానన్నాడు. తెచ్చాడు. 400 ఎక్కించి సబ్బు నురగ పూశాడు, బయట సన్న పైపు నట్టు దగ్గర ఒక బుడగ మెల్లగా, నిద్రపోతున్న పిల్లాడి మూతి దగ్గర బుడగలా లేచింది. అన్నా మీరన్నది నిజం, నట్టు కూడా కారుతోంది! పైపు మూతి కోసి కొత్తగా ఫ్లేర్ చేశాడు. మళ్ళీ ఎక్కించి చూస్తే మూడు గంటల్లో ముప్పై తగ్గింది. అప్పుడు లోపలి యూనిట్ విప్పి కాయిల్‌ని మా పాప చిన్నప్పటి స్నానం టబ్బులో ముంచి నైట్రోజన్ పెట్టాడు. పక్క వంపుల్లో రెండు చోట్ల, రెక్కల మధ్యలో ఒక చోట, సన్న దారాల్లా బుడగలు. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసి "ఇదిగో, నా మూడు వేలు ఇక్కడి నుంచి పోతున్నాయి" అన్నారు.

కొత్త కాయిల్ పదిన్నర వేలకి దొరికింది, పనికీ గ్యాస్‌కీ కలిపి మొత్తం పదహారు వేల రెండొందలు. బిగించాక నేను పట్టుబట్టి రాత్రంతా నైట్రోజన్ మీద ఉంచమన్నాను, అతను మీటర్ అక్కడే వదిలి వెళ్ళాడు. సాయంత్రం ఆరింటికి 400. అత్తయ్య రాత్రి రెండుసార్లు లేచి టార్చి వేసి చూశారు. పొద్దున ఐదున్నరకి నన్ను లేపి, "ఎనిమిది తగ్గింది, మళ్ళీ కారుతోంది" అన్నారు, నా గుండె జారిపోయింది, టెక్నీషియన్‌కి అప్పుడే ఫోన్ చేశాను. అతను నవ్వి, రాత్రి చల్లబడింది కదా మేడం, గ్యాస్ ముడుచుకుంటుంది, ఎండెక్కాక చూడండి అన్నాడు. నిజమే, పదకొండింటికి ముల్లు మళ్ళీ 400 దగ్గరికి వచ్చి నిలబడింది. అప్పుడు నైట్రోజన్ వదిలి వాక్యూమ్ పెట్టి, ప్లేటు మీద రాసినట్టు 780 గ్రాములు తూకం వేసి పట్టాడు.

ఇప్పుడు 26లో పెట్టి ఫ్యాన్ ఒకటి మీద వేసుకుంటే మావయ్య దుప్పటి అడుగుతున్నారు. కంసాలిని తిట్టడం మాత్రం అత్తయ్య ఇంకా ఆపలేదు, అది వేరే లెక్క అంట.

నెల్లూరు_మెకానిక్:

ఆ ముప్పై తగ్గినప్పుడు ఎండలో తగ్గింది చూడండి, అందుకే అది లీకు, ఈ ఎనిమిది కాదు. మీ అత్తమ్మని మా షాపుకి పంపించండి, ఉద్యోగం ఇస్తా. ఫిల్టర్ కడిగినారా మరి, రెండు వారాలకోసారి?

వేళచ్చేరి_కోడలు:

లేదన్నా, ఇప్పుడే తీస్తున్నా.